పొగగొట్టంలోని సాక్షి

కారు ఉన్న కుటుంబాలవారికి ఒక దీపం బాగా పరిచయమే. స్టీరింగు ఎదుటి పలకలో ఇంజను బొమ్మ ఆకారంగా, పసుపుపచ్చగా వెలుగుతుంది. బండి ఆగదు, వేడెక్కదు, చప్పుడులో పెద్ద మార్పు ఉండదు. దీపం మాత్రం ఆరదు. దానిని చూచి కొందరు హడలిపోయి బండిని దారి ప్రక్కనే వదలి బస్సెక్కుతారు. మరికొందరు దేవుని గదిలో అఖండదీపంలాగా దానిని వెలగనిచ్చి ఏడాదులు గడిపేస్తారు. ఇద్దరూ నష్టపోయేవారే.

వర్కుషాపుకు తీసుకొనిపోతే స్కానరు తగిలించి చూస్తారు. చాలా సార్లు వచ్చే తీర్పు ఒకటే: "ఆక్సిజన్ సెన్సరు పోయింది, మార్చాలి." బండినిబట్టి కొన్ని వేల రూపాయల ఖర్చు. మార్చిన తరువాత దీపం ఆరుతుంది. నాలుగు రోజులు పోయిన తరువాత మళ్ళీ వెలుగుతుంది. ఇటువంటి వ్యవహారం ఒకటి కృష్ణగిరి, హోసూరుల నడుమ గురుబరపల్లిలో మా కళ్ళ ఎదుట తేలింది. అది చెప్పేముందు ఈ సెన్సరు ఏమి చూస్తుందో, ఏమి చూడలేదో తెలిసికోవటం అవసరం. ఆ సంగతి తెలియకనే మనవాళ్ళు డబ్బు పోగొట్టుకొంటున్నారు.

మన పాత తెలుగు పుస్తకాలలో ఆక్సిజనును ఆమ్లజని అనీ, ప్రాణవాయువు అనీ వ్రాసేవారు. పొయ్యి మండినా ఇంజను మండినా కావలసింది అదే. పెట్రోలు మిగులూ తగులూ లేకుండా కాలాలంటే ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఎక్కువైతే పొగలో ఆక్సిజను మిగిలిపోతుంది. పెట్రోలు ఎక్కువైతే ఆక్సిజను అంతా ఖర్చయిపోయి, కాలని పెట్రోలు పొగతో కలిసి బయటకు పోతుంది. కట్టెల పొయ్యి ఊదిన పెద్దవారికి ఇది కొత్త సంగతి కాదు. గాలి ఆడక కట్టె రాజుకొంటే గిన్నె అడుగు నల్లబడుతుంది గదా!

ఈ మిగిలిన ఆక్సిజనును కనిపెట్టటానికే ఇంజను నుండి పొగ వచ్చే గొట్టంలో ఒక మరమేకు బిగించి ఉంటుంది. చూడటానికి బొటనవ్రేలంత. దాని కొనలో జిర్కోనియా అనే పింగాణివంటి పదార్థంతో చేసిన చిన్న టోపీ. లోపలా బయటా ప్లాటినం పూత. టోపీ లోపలికి బయటి గాలి తగులుతుంది, వెలుపలి వైపు పొగ తగులుతుంది. సుమారు 300 డిగ్రీల వేడెక్కిన తరువాత ఆ జిర్కోనియా గుండా ఆక్సిజను అయానులు కదలగలవు. రెండు వైపులా ఆక్సిజనులో ఎంత తేడా ఉంటే అంత విద్యుత్తు పుడుతుంది. పొగలో ఆక్సిజను లేకపోతే 0.9 వోల్టు దరిదాపు, మిగిలి ఉంటే 0.1 వోల్టు. నడిమి గీత 0.45. కంప్యూటరు ఈ అంకెను చూచి పెట్రోలు కొంచెం పెంచుతుంది, కొంచెం తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. అందువలన బాగున్న బండిలో ఈ అంకె ఒకచోట నిలవదు, పైకీ క్రిందికీ ఊగుతూనే ఉంటుంది. నిలిచిపోయిందంటే ఏదో సంగతి ఉన్నదన్నమాట.

దీని వెనుక ఉన్న సూత్రం జర్మను శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లో చెప్పినది. ఆయనకే 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానం వచ్చింది. చిత్రమేమంటే, 1897లో ఆయన చేసిన విద్యుద్దీపంలో వెలిగే కడ్డీకి కూడా జిర్కోనియానే వాడినాడు. ఆ దీపం టంగ్‌స్టను తీగె దీపాల ముందు నిలువలేక మరుగున పడింది; దానిలోని పదార్థం మాత్రం మన కార్లలోకి వచ్చి కూర్చున్నది. 1976లో బాష్ కంపెనీవారి ఈ సెన్సరును వోల్వో కంపెనీ తన కార్లలో మొదట పెట్టింది. మన దేశంలో 1995 ఏప్రిల్ 1న ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మదరాసులలో సీసం లేని పెట్రోలు, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరుతో కొత్త కార్లు మొదలైనవి. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు పోయింది. సీసం ఈ సెన్సరుకూ విషమే, ఆ కన్వర్టరుకూ విషమే.

ఇంతకూ ముఖ్యమైన మాట ఇది. ఆ సెన్సరు పెట్రోలును చూడదు. ఇంజనును చూడదు. తాను కూర్చున్న చోట, తన కొనకు తగిలే పొగలో ఆక్సిజను ఉన్నదా లేదా అన్నంత మాత్రమే చెబుతుంది. ఆ ఆక్సిజను ఎక్కడనుండి వచ్చిందో దానికి తెలియదు.

ఇక గురుబరపల్లి సంగతి. కృష్ణగిరి నుండి హోసూరుకు పోయే పెద్దరోడ్డుమీద, శూలగిరికి ఈవల ఉన్న ఊరు అది. చుట్టూ మామిడితోపులు, ఈ మధ్య వాటి నడుమ లేచిన పరిశ్రమల షెడ్లు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బెంగుళూరు పోతే కన్నడం – ఆ ప్రాంతపు మనవారందరికీ అలవాటైన సంసారమే. మా మేనల్లుడి వరుస కుర్రవాడొకడు అక్కడినుండి బెంగుళూరుకూ కృష్ణగిరికీ బాడుగ కారు నడుపుతాడు. అప్పుతో కొన్న బండి. నెలనెలా కంతు కట్టాలి, ఇల్లు గడవాలి, చెల్లెలి చదువు ఉన్నది. బండి ఒకరోజు నిలిస్తే ఆ రోజు రాబడి లేదు.

అతని బండిలో పసుపు దీపం వెలిగింది. ఒక పట్నంలో, ఒక పెద్ద వర్కుషాపులో చూపించినాడు. స్కానరు చూపిన సంకేతం పి0171. వారు సెన్సరు మార్చినారు. వారం తిరగకముందే దీపం తిరిగి వచ్చింది. "కొత్తదే పోయి ఉంటుంది, ఒక్కొక్కప్పుడు అట్లా వస్తుంది" అని ఇంకొకటి మార్చినారు. అదీ అంతే. ఈ రెండు నెలలలో లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చే బండి 13కు దిగింది. మూడవసారి వారు క్యాటలిటిక్ కన్వర్టరే మార్చాలన్నారు. అది ఆ కుర్రవాడి నాలుగు కంతుల డబ్బు. అప్పుడు మా దగ్గరకు వచ్చి, "మామా, బండి అమ్మేద్దామా?" అన్నాడు.

ఇక్కడ ఒక మాట. పి0171 అనే సంకేతానికి అర్థం "మొదటి వరుసలో మిశ్రమం పలుచగా ఉన్నది", అనగా గాలికి తగినంత పెట్రోలు లేదు అని. దానిలో సెన్సరు చెడిపోయిందన్న మాట ఎక్కడా లేదు. సెన్సరు చెప్పిన సంగతిని వ్రాసిపెట్టినారు, అంతే. జ్వరమానిలో నూటరెండు కనబడితే జ్వరమాని పారవేసి కొత్తది కొనేవారు ఉంటారా? కార్ల విషయంలో మాత్రం ఆ పని రోజూ జరుగుతున్నది.

గురుబరపల్లి రోడ్డు ప్రక్కన ఒక రేకుల షెడ్డులో అరవై దాటిన మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. లారీలతో మొదలుపెట్టిన మనిషి. అయినా స్కానరు, మల్టీమీటరు రెండూ శుభ్రంగా గుడ్డలో చుట్టి పెట్టుకొన్నాడు. బండి చూపించినాము.

"అప్పా, సెన్సరు రెండుతూర్లు మార్పించినావా?"

"మార్పించినాను, పెద్దాయనా."

"దీపం నిలిచిందా?"

"నిలవలేదు."

"అట్లయితే మూడోది నేను మార్చను. ముందు దీన్నే అడుగుదాము, ఏం చూస్తా ఉండాదో."

సంకేతాన్ని తుడిచివేయలేదు. ముందు దానిని కాగితంమీద వ్రాసుకొన్నాడు. సంకేతం పడిన క్షణంలో వేగమెంత, ఇంజను వేడి ఎంత అన్నది కూడా కంప్యూటరు దాచి ఉంచుతుంది, అదీ వ్రాసుకొన్నాడు. బండి నిలిచి ఉండి, ఇంజను నెమ్మదిగా ఆడుతున్నప్పుడు పడిన సంకేతమది. తరువాత ఇంజను బాగా వేడెక్కనిచ్చి పెట్రోలు సవరణ చూచినాడు. కంప్యూటరు తన లెక్కకంటె ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తున్నదో, ఎంత తగ్గిస్తున్నదో చెప్పే అంకె అది. సాధారణంగా పది శాతానికి అటూ ఇటూ ఉంటే కంగారు పడనక్కరలేదు. ఈ బండిలో ఇంజను నెమ్మదిగా ఆడేటప్పుడు 24 శాతం అదనం! నిమిషానికి 2500 చుట్ల వేగానికి పెంచితే 6 శాతానికి దిగింది. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి కొంచెం సేపు ఊరకుండిపోయినాడు.

తరువాత సెన్సరు పరీక్ష. దానికి నాలుగు తీగెలు. ఆ రకంలో సాధారణంగా తెల్లవి రెండూ లోపలి హీటరువి, నల్లది కబురు చెప్పేది, బూడిదరంగుది నేల తీగె. నల్ల తీగెకు మల్టీమీటరు పెడితే 0.1, 0.2ల మధ్య పడి ఉన్నది, లేవటం లేదు. చూచేవారికి చచ్చిపోయినట్లే. అప్పుడాయన యాక్సిలరేటరు ఒక్కసారి చప్పున నొక్కి వదలినాడు. ఆ క్షణంలో పెట్రోలు ఎక్కువ పడుతుంది. అంకె వెంటనే 0.85కు ఎగిరింది. వదలగానే దిగింది. ఆ తరువాత ఇంజనులోకి గాలి పీల్చే భాగాన ఒక సన్నని రబ్బరు గొట్టం ఊడదీసినాడు, అంకె 0.1కన్న క్రిందికి పోయింది. పెట్రోలు పెంచితే లేస్తున్నది, గాలి పెంచితే పడుతున్నది, అదీ ఆలస్యం లేకుండా. "ఇది బతికే ఉండాది సామీ. చూసింది చూసినట్లే చెప్తా ఉండాది" అన్నాడు.

మరి గాలి ఎక్కడిది? ఇంజను పీల్చుకొనే చోట రబ్బరు గొట్టమేదైనా చీలి ఉంటే కూడా అంకెలు ఇదే విధంగా ఉంటవి: నెమ్మదిగా ఆడేటప్పుడు తేడా ఎక్కువ, వేగంలో తక్కువ. చాలామంది ఇక్కడ ఆగిపోయి ఆ గొట్టాలన్నీ మార్చేస్తారు. ఈయన స్పార్కు ప్లగ్గులు విప్పినాడు. నాలుగూ మసిబొగ్గులాగా నల్లగా ఉన్నవి. సైలెన్సరు కొన కూడా నలుపే. నిజంగా పెట్రోలు చాలక ఆడే ఇంజనులో ప్లగ్గులు తెల్లగా వెలవెలబోతవి. అనగా సెన్సరు పెట్రోలు చాలటం లేదంటున్నది, ప్లగ్గులు పెట్రోలు ముంచివేస్తున్నదంటున్నవి. ఇద్దరు సాక్షులూ నిజమే చెబుతున్నారంటే ఒక్కటే దారి ఉన్నది. ఇంజనులో కాలిన తరువాత, సెన్సరు దగ్గరకు చేరేలోగా, మధ్యలో ఎక్కడో బయటి గాలి దూరుతున్నది.

గొట్టంలోనుండి పొగ బయటకు రావాలి గాని గాలి లోపలికి ఎట్లా పోతుందని ఎవరైనా అడగవచ్చు. మేమూ అడిగినాము. పొగ ఏకధారగా పోదు. గుండె కొట్టుకొన్నట్లు పోటులు పోటులుగా పోతుంది. ఒక పోటుకూ మరొక పోటుకూ నడుమ గొట్టంలోని ఒత్తిడి బయటి గాలికంటె తగ్గుతుంది. అప్పుడు సందు ఉంటే గాలిని పీలుస్తుంది. ఇంజను నెమ్మదిగా ఆడేటప్పుడు పోటుల నడుమ వ్యవధి ఎక్కువ, పొగ తక్కువ. అందువలన దూరిన గాలి పాలు ఎక్కువ. వేగంలో ఆ పాలు తగ్గుతుంది. 24, 6 అనే ఆ రెండు అంకెల కథ ఇదే. ఆ దొంగగాలిని చూచి సెన్సరు "ఆక్సిజను ఉన్నది" అంటుంది, కంప్యూటరు దానిని నమ్మి పెట్రోలు పోస్తుంది, ఎంత పోసినా గాలి దూరుతూనే ఉంటుంది. ఆ పిల్లవాడి నాలుగు కిలోమీటర్లు పోయింది ఆ సందులోనే.

సందు కనిపెట్టటానికి బండిని రాత్రి అక్కడే ఉంచమన్నాడు. ఇనుము చల్లబడితేనే సందు తెరుచుకొంటుందట. వేడెక్కితే వ్యాకోచించి మూసుకొంటుంది. తెల్లవారి స్టార్టు చేయగానే టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు. రెండు నిమిషాలలో ఆగిపోయింది. ఇంజను ఆపి, ఇంట్లో దుమ్ము పీల్చే యంత్రపు గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి సైలెన్సరు కొనలో పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కి, ఇంజను ప్రక్కన సబ్బునీళ్ళు చిమ్మినాడు. నాలుగవ సిలిండరు దగ్గర, మ్యానిఫోల్డు ఇంజనుకు అతికే చోట, బుడగలు పొంగినవి. ఒక నట్టు లేనే లేదు. లోపలి గ్యాస్కెట్టు ఒక మూల కాలిపోయి ఉన్నది. దాని ప్రక్కన వెండ్రుకంత నల్లని మసి చార. పది నెలల క్రితం వేరే పనికి ఇంజను తల విప్పినారట. అప్పుడు నట్టు బిగించటం మరచినారో, తరువాత వదులై రాలిందో చెప్పలేము.

గ్యాస్కెట్టు, ఒక బోల్టు, రెండు నట్లు. కూలితో కలిపి సెన్సరు ఖరీదులో నాలుగవ వంతు కాలేదు. తిరిగి బిగించి, ప్లగ్గులు తుడిచి, సంకేతం చెరిపివేసి, శూలగిరి దాకా పోయి వచ్చినారు. నెమ్మదిగా ఆడేటప్పుడు సవరణ 5 శాతానికి దిగింది. వోల్టు అంకె 0.2కూ 0.8కీ నడుమ ఊయలలాగా ఊగుతున్నది. నాలుగు కంతుల కన్వర్టరు జోలికి పోనక్కరలేకపోయింది.

సెన్సరు ఎప్పుడూ నిర్దోషి అని మా వాదం కాదు. అది కూడా చెడిపోతుంది. ఎక్కువగా ముందు పోయేది దానిలోని హీటరు. చల్లని ఇంజనులో అది త్వరగా వేడెక్కి పని మొదలుపెట్టటానికి హీటరు ఉంటుంది; ఆ తీగె తెగితే సంకేతమే వేరు, పి0135 వంటిది పడుతుంది. మల్టీమీటరుతో ఆ రెండు తెల్ల తీగెల నడుమ చూస్తే కొన్ని ఓములు రావాలి. ఏమీ రాకపోతే తెగినట్లే. అయితే ముందు ఫ్యూజు చూడాలి, ఆ తరువాత తీగె చూడాలి. మామిడితోపుల ప్రక్కన బండి నిలిపేవారికి ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు. వారు సెన్సరు కొనేముందు ఎలుక కొరికిన తీగె ఉన్నదేమో వెదకటం మేలు. కబురు చెప్పే నల్ల తీగెమీద మాత్రం ఓములు చూడకూడదు. మీటరు పంపే కరెంటు సెన్సరుకు హాని చేయవచ్చు.

రెండవది విషం. కొందరు మెకానిక్కులు ఏ అతుకుకైనా సిలికాను జిగురు పూసేస్తారు. సెన్సరుకు పనికిరాని రకమైతే దాని ఆవిరి లోపల కాలి, టోపీమీద తెల్లని పొరగా పేరుకొంటుంది. ఇంజనులోకి కూలెంటు కారినా, ఆయిలు కాలినా పొరలు కడతవి. అప్పుడు అంకె లేస్తుంది గాని నిద్రమత్తులో ఉన్నవాడిలాగా ఆలస్యంగా లేస్తుంది. అటువంటి సెన్సరును మార్చవలసిందే. పెట్రోలులో ముంచి బ్రష్షుతో తోమితే బాగుపడదు. అయితే విషం ఎక్కడనుండి వస్తున్నదో ఆపకుండా మారిస్తే కొత్తదానికీ అదే గతి.

మూడవది వయస్సు. దానిని గురించి చెప్పేదేమీ లేదు.

మా మేనల్లుడు పట్నంలో విప్పించిన పాత సెన్సర్లు రెండూ అదృష్టవశాత్తు అడిగి తెచ్చుకొన్నాడు. ఆ పెద్దాయన ఒకదానిని బెంచీకి బిగించి, మీటరు తగిలించి, గ్యాసు మంట దాని కొనమీద పెట్టినాడు. కొన ఎర్రబడగానే 0.8 దాటింది, మంట తీయగానే పడిపోయింది. రెండవదీ అంతే. రెండూ బంగారంలాగా ఉన్నవి. వాటిని చూచి ఆ పిల్లవాడు నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడినాడు. మార్చిన సామాను పాతది అడిగి తెచ్చుకోవటం మన హక్కు, అడగటానికి మొహమాటపడవద్దు.

ఈ వోల్టుల లెక్కలు అన్ని బండ్లకూ చెల్లవు. కొత్త రకం కార్లు చాలావాటిలో ముందువైపు సెన్సరు వేరే జాతిది. వోల్టులతో ఊగదు, కరెంటుతో కొలుస్తుంది. దానిని స్కానరుమీదనే చూడాలి. కన్వర్టరు తరువాత ఉండే రెండవ సెన్సరు ఇంజనును సరిచేయటానికంటె కన్వర్టరును కాపలా కాయటానికి ఉన్నది, అది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటే మంచిది, ముందుదానిలాగా ఊగుతూ ఉంటే కన్వర్టరు అలసిపోయిందన్నమాట. అప్పుడు కూడా పొగ గొట్టంలో సందులు లేవని తేల్చుకొన్న తరువాతనే ఆ ఖర్చుకు దిగాలి. పసుపు దీపం వెలుగుతూ ఉండటం వేరు, ఆరుతూ వెలుగుతూ కొట్టుకోవటం వేరు. కొట్టుకొంటుంటే ఏదో సిలిండరులో పెట్రోలు కాలకుండా పోతున్నది, అది కన్వర్టరులో పడి మండుతున్నది. వెంటనే ప్రక్కకు తీసి ఆపాలి.

ఇంకొక్క సంగతి. 2023 ఫిబ్రవరి 6న బెంగుళూరులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలును విడుదల చేసినారు. 2025 నాటికి అది దేశమంతటా బంకులకు వచ్చింది. ఇథనాలులో ఆక్సిజను స్వతహాగానే ఉన్నది. అందుకని ఈ పెట్రోలుకు 14.7 కాదు, సుమారు 13.5 పాళ్ళ గాలి చాలు. పాత లెక్కకు తయారైన బండిలో సెన్సరు ఆ తేడాను చూచి, కంప్యూటరు చేత కొన్ని శాతాలు అదనంగా పోయిస్తుంది. అది రోగం కాదు, ఇంజను నెమ్మదిగా ఆడినా వేగంగా ఆడినా ఇంచుమించు ఒకే తీరున కనబడుతుంది. మా మేనల్లుడి బండిలో ఇప్పటికీ మిగిలి ఉన్న ఆ 5 శాతంలో ఎక్కువ పాలు ఇథనాలుదేనని గురుబరపల్లి పెద్దాయన అభిప్రాయం. రెండు వేగాలలోనూ అంకె ఒక్కటిగానే ఉండటం చూస్తే మాకూ అట్లాగే తోస్తున్నది.